కరెంటు పోయినా ఆగని పద్యం

రాత్రి పన్నెండు కావస్తోంది. మా చిలకలూరిపేట దగ్గర ఒక ఊళ్లో తిరునాళ్ల. స్టేజీ మీద హరిశ్చంద్ర నాటకం, కాటి సీను నడుస్తోంది. జనం కదలకుండా చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

లైట్లు పోయాయి, మైకు పోయింది. స్టేజీ వెనక ఎవరో జనరేటర్ తాడు లాగుతున్నారు, అది దగ్గుతోంది కానీ అందుకోవడం లేదు. ఇలాంటప్పుడు ఈలలు, కేకలు, "ఏవయ్యా మైక్ సెట్టూ" అనే అరుపులు మామూలే. ఆ రాత్రి మాత్రం ఎవరూ అరవలేదు. ఎందుకంటే పద్యం ఆగలేదు.

హరిశ్చంద్రుడి వేషంలో ఉన్నాయన వయసు డెబ్బై రెండు. ఒకప్పుడు పగలు పొగాకు గోడౌన్లో పని, రాత్రి నాటకం. మేమంతా తాతా అనే పిలుస్తాం. కరెంటు పోయిన సంగతి ఆయనకి తెలిసిందో లేదో కూడా చెప్పలేను. అందుకున్న పద్యాన్ని అలాగే లాక్కెళ్లాడు. కుర్రాళ్లు ఫోన్లు తీసి టార్చిలు వేశారు. నేను అందరికంటే వెనక, బజ్జీల బండి దగ్గరున్నాను. స్టేజీకి నాకూ అరవై మీటర్లకి తక్కువుండదు. ఒక్క అక్షరం తప్పిపోకుండా వినపడింది. రాగం అయిపోగానే చీకట్లోంచే "వన్స్‌మోర్" అన్నారు. తాత మళ్లీ పాడాడు. రెండోసారి సగంలో జనరేటర్ అందుకుంది, మైకు వచ్చింది. నిజం చెప్పాలంటే అప్పుడే వినడానికి కాస్త బాగోలేదు. అప్పటిదాకా మనిషి గొంతు విన్నాం, అక్కణ్ణుంచి డబ్బా గొంతు విన్నాం.

ఇది తాత గొప్పతనం చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. అదే రాత్రి, అదే స్టేజీ మీద ఇంకో గొంతు పోయింది. ఈ వారం అసలు సంగతి అది.

ఒకటో హరిశ్చంద్రుడు

మన పద్యనాటకాల్లో ఒకే పాత్రని ఇద్దరు ముగ్గురు వేస్తారని తెలుసు కదా. ఆ రాత్రి కాటి సీనులో తాత, అంతకుముందు వారణాసి సీనులో మా పిన్ని కొడుకు. వాడికి ఇరవై ఆరేళ్లు. పగలు స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్. ఎనిమిది గంటలు మిషన్ల మోత మీద అరిచి చెప్పే ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి పద్యాలు. వాడి సీనులో కరెంటు ఉంది, మైకు ఉంది, రెండు వైపులా మనిషెత్తు స్పీకర్ బాక్సులు ఉన్నాయి. అయినా మూడో పద్యానికి గొంతు చీలింది. తెల్లారేసరికి మాట కూడా లేదు.

అప్పటికే నెలా పదిహేను రోజులుగా బొంగురు ఉంది. మిరియాల పాలు, కరక్కాయ, పటిక బెల్లం అన్నీ అయ్యాయి. చివరికి గుంటూరు తీసుకెళ్తే డాక్టరు గొంతులోకి కెమెరా పెట్టి చూసి, స్వరతంతువుల అంచుల మీద ఎదురెదురుగా రెండు చిన్న బుడిపెలున్నాయన్నారు. నాడ్యూల్స్ అంటారట. చేతికి కాయలు కాస్తాయి చూడండి, అలాంటివే. ఆపరేషన్ అక్కర్లేదు, ముందు అరవడం మానాలి, గొంతు వాడే పద్ధతి మళ్లీ నేర్చుకోవాలి, ఇలాగే పాడితే మాత్రం నాటకం మర్చిపోవాలి అన్నారు.

బస్సులో వస్తూ వాడు ఫోన్లో టైప్ చేసి నాకు చూపించాడు: "తాత మైకు లేకుండా పాడాడు. నేను మైకు పెట్టుకుని పోగొట్టుకున్నా. ఎందుకన్నా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి దొరికింది చదివాను, తాత దగ్గర కూర్చున్నాను, ఫోన్లో రికార్డు చేసి చూశాను. అర్థమైనంత చెప్తాను.

గట్టితనం కాదు, చోటు

ముందు లెక్క చూద్దాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 90 డెసిబెల్స్ ఉన్న గొంతు 64 మీటర్లు వెళ్లేసరికి 54కి పడిపోతుంది. అంటే మామూలు మాటల స్థాయి. చుట్టూ చంటిపిల్లల ఏడుపు, బజ్జీల మూకుడు, జనం గుసగుసలు. వీటిలో ఆ 54 మునిగిపోవాలి. మునగలేదంటే కారణం ఎంత గట్టిగా పాడాడన్నది కాదు, ఆ గట్టితనాన్ని ఎక్కడ పెట్టాడన్నది.

మనం ఒక స్వరం పాడితే ఒక్క ధ్వనే వస్తుందనుకుంటాం. నిజానికి మెట్లమెట్లుగా చాలా వస్తాయి. హార్మోనియం మీద అయిదు శృతి అంటే షడ్జం సుమారు 196 హెర్ట్జ్. సెకనుకి 196 సార్లు స్వరతంతువులు కొట్టుకుంటాయన్నమాట. దాంతోపాటు 392, 588, 784... ఇలా దాని గుణిజాలన్నీ పుడతాయి. పదిహేనో మెట్టు 2,940 దగ్గర ఉంటుంది. స్వరతంతువులు ఈ మెట్లన్నీ పుట్టించి వదిలేస్తాయి. వాటి పైన గొంతు, నోరు కలిసి ఒక గది. మగవాళ్లలో ఈ గది పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. ఏ మెట్టుని పెంచాలో, ఏ మెట్టుని అణచాలో ఆ గది ఆకారం నిర్ణయిస్తుంది. ఆ, ఇ, ఉ అనే అచ్చుల మధ్య తేడా కూడా ఆ ఆకారం మార్చడంలోనే ఉంది.

స్వీడన్‌లో యోహాన్ సుండ్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త 1970ల్లో ఒపెరా గాయకుల మీద పనిచేశాడు. నూరు వాద్యాల ఆర్కెస్ట్రా ముందు మైకు లేకుండా ఒక్క మగ గొంతు ఎలా వినపడుతోంది? ఆయన కొలిచి చూస్తే, ఆ గాయకుల గొంతులో 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక పెద్ద గుట్ట కనిపించింది. దానికి గాయక ఫార్మాంట్ అని పేరు. ఆర్కెస్ట్రా బలమంతా 500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. అంటే గాయకుడు ఆర్కెస్ట్రాతో కుస్తీ పట్టడం లేదు. అది ఖాళీగా వదిలేసిన చోట నిలబడుతున్నాడు.

పైగా ఆ చోటు మన చెవికి చాలా ఇష్టమైనది. చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, లోపలి కొస కర్ణభేరితో మూసి ఉంటుంది. అలాంటి గొట్టం 3,000 హెర్ట్జ్ చిల్లర దగ్గర తనంతట తనే మోగుతుంది. అందుకే ఆ ప్రాంతంలో వచ్చిన చిన్న శబ్దం కూడా మనకి పెద్దగా వినపడుతుంది.

దీనికి స్వీడన్ దాకా పోనక్కర్లేదు. మా పేట బస్టాండుకి రండి. "ఒంగోల్ ఒంగోల్ ఒంగోల్" అని ఒకాయన పిలుస్తుంటాడు. ఆయన అరవడం లేదు, గమనించండి. గొంతు బిగించి, ముక్కు పక్కనుంచి పంపుతున్నట్టు సన్నగా, పదునుగా పలుకుతాడు. లారీల హారన్ల మధ్యలోంచి కూడా అది వచ్చి చెవిలో పడుతుంది. రోజంతా పిలిచినా గొంతు నిలవాలంటే అదొక్కటే దారని ఆయనకి ఎవరూ చెప్పలేదు. పని నేర్పింది.

"కనుబొమల మధ్య పెట్టరా"

ఈ పదును ఎలా వస్తుంది? స్వరతంతువులకి సరిగ్గా పైన చిన్న ఇరుకు సందు ఉంటుంది. ఆ సందు సన్నగా ఉండి, దాని పైన గొంతు విశాలంగా తెరుచుకుంటే ఆ సందు విడిగా ఒక చిన్న గదిలా మోగుతుంది. ఆ మోగే చోటు మళ్లీ అదే, 3,000 దగ్గర.

తాతకి ఈ సంగతులేవీ తెలియవు. ఆయన మాట వేరు. "ఆవలింత వచ్చేముందు గొంతులో చల్లగా గాలి ఆడుద్ది చూడు, అక్కడ ఆపు. ఆపి కనుబొమల మధ్య పెట్టరా. గాలి బొడ్డు దగ్గర పట్టు" అంటాడు. కనుబొమల మధ్య ధ్వని పుట్టదు, బొడ్డు దగ్గర అసలే పుట్టదు. కానీ ఆ మాటలు పనిచేస్తాయి. ఆవలింత గొంతుని విశాలం చేస్తుంది. ముఖం ఎముకల్లో తగిలే అదురు, పదును వచ్చిందనడానికి పాడేవాడికి గుర్తు. బొడ్డు దగ్గర పట్టు అంటే గాలిని ఒక్కసారిగా తంతువుల మీదకి వదలొద్దని.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన పద్యం ఒపెరా కాదు. ఒపెరా గొంతు లావుగా, గుండ్రంగా ఉంటుంది. పద్యం గొంతు సన్నగా, పదునుగా, బస్టాండు పిలుపుకి దగ్గరగా ఉంటుంది. అక్కడ కొలిచినవన్నీ ఇక్కడ అచ్చంగా అతకవు. కానీ రెండు చోట్లా సూత్రం ఒకటే: తక్కువ గాలితో, చెవి పట్టుకునే చోట ఎక్కువ ధ్వని.

రాగం "ఆ" మీదే ఎందుకు?

పద్యం చివర రాగం తీసేటప్పుడు ఎప్పుడూ "ఆ" అనే ఎందుకంటారు? "ఈ" మీదో "ఊ" మీదో అరగంట లాగొచ్చు కదా?

"ఆ" అన్నప్పుడు నోరు బూరలా తెరుచుకుంటుంది. ధ్వని బయటికి బాగా వస్తుంది. పైస్థాయిలో ఇంకో చిక్కు ఉంది. "ఈ", "ఊ"లకి నోటి గది మొదట మోగే చోటు 300 హెర్ట్జ్ ప్రాంతంలోనే ఉంటుంది. అయిదు శృతిలో తారస్థాయి షడ్జం 392. అంటే స్వరం ఆ చోటుని దాటి పైకి పోయింది, ఇక గది సాయం అందదు. గొంతే మొత్తం మోయాలి. "ఆ"కి ఆ చోటు 700 పైన ఉంటుంది కాబట్టి తారస్థాయిలో కూడా సాయం దొరుకుతుంది. ఆడవాళ్లు పైస్థాయి పాడేటప్పుడు అక్షరం ఏదైనా నోరు ఇంకా ఇంకా తెరవడానికి కారణం కూడా ఇదే. అక్షరం కాస్త అరిగినా స్వరం నిలుస్తుంది. అందుకే మన వాళ్లు తెలివిగా పంచుకున్నారు. మాటలు మధ్యస్థాయిలో స్పష్టంగా చెప్పేసి, పైస్థాయిని "ఆ"కి అప్పగించారు.

కాటి సీనులో పాడే జాషువా గారి పద్యాలు వినండి, ఈ పంపకం తెలిసిపోతుంది. ఆయన 1895లో పుట్టింది మన వినుకొండలోనే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి జాషువా పద్యాలు వచ్చి చేరాయి, ఇక విడిపోలేదు. వాటిలో ఒక్క మాట వినపడకపోయినా మా ఊళ్లలో జనం ఒప్పుకోరు.

ఇంకో సాయం రాత్రి చేస్తుంది. పగలు నేల వేడిగా ఉంటుంది, శబ్దం పైకి వంగిపోతుంది. రాత్రి నేల చల్లబడ్డాక కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. అప్పుడు శబ్దం కిందికి వంగి దూరం పోతుంది. నాటకం తెల్లవార్లూ ఆడటానికి పొలం పనులు అయ్యాకే తీరిక దొరకడం ఒక కారణం అయితే, గొంతుకి రాత్రి కలిసిరావడం ఇంకోటి.

పేట నేర్పిన పాఠం

మైకు అక్కర్లేని ధ్వని గురించి పేటవాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. నాదస్వరం మన ఊరి విద్య. ఇక్కడి షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నవారిలో షేక్ చినమౌలానా ఒకరు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, ఇక్కడ నేర్చుకుని, తర్వాత తంజావూరు బాణీ కూడా పట్టి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి.

నాదస్వరం దూరం వినపడటానికి కూడా పై మెట్లే కారణం. నోట్లో పెట్టుకునే చిన్న పీక టపటపా మూసుకుని తెరుచుకుంటుంటే కింది మెట్ల నుంచి పై మెట్ల దాకా నిండుగా పుడతాయి. పక్కన డోలు ఎంత మోగినా దాని బరువు కింద ఉంటుంది, సన్నాయి పైన తేలుతుంది. అయితే చినమౌలానా గారి పేరు గట్టిగా వాయించినందుకు రాలేదు. అంత పెద్ద గొంతున్న వాద్యాన్ని మనిషి పాడినట్టు, మెత్తగా పలికించినందుకు వచ్చింది. ఈ మాట తాతే అన్నాడు: "బలం వాద్యంలో ఉందిరా. వాయించేవాడు దాన్ని ఆపుకోవాలి."

మైకు గొంతు, మైదానం గొంతు

మరి మైకు తప్పా? అస్సలు కాదు. మైకు వల్లే మనకి ఘంటసాల దొరికాడు. 1922లో చౌటపల్లిలో పుట్టి విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయంగా నేర్చుకున్న గొంతు అది. కానీ సినిమా పద్యంలో ఆయన చివరి వరుస కోసం పాడలేదు. మైకుకి దగ్గరగా, మాటకి విలువిచ్చి, రాగం కుదించి పాడాడు. పద్యం మన చెవి పక్కన కూర్చుని మాట్లాడింది. బాలమురళీకృష్ణ గారు మంద్రస్థాయిలో అంత సన్నగా పలికితే వినగలిగామంటే అదీ మైకు పుణ్యమే. ఈ నెమ్మది గొంతు వెనక కూడా ఏళ్ల సాధన ఉంది.

ఇంకో దారి మైదానం గొంతు. మన గుంటూరు సీమలోనే సుద్దపల్లిలో పుట్టిన కళ్యాణం రఘురామయ్య కృష్ణుడి వేషంలో పద్యం పాడుతూ, వేలు నోట్లో పెట్టి అదే రాగాన్ని ఈలలో తీసేవాడు. జనం ఆయన్ని ఈలపాట రఘురామయ్య చేసేశారు. ఈల కూడా మన చెవి ఇష్టపడే ఆ పై చోటులోనే ఉంటుంది, గమనించారా?

రెండు దారులూ మంచివే. మా తమ్ముడు ఏ దారిలోనూ లేడు. మైకు ముందు నిలబడి, మైకు లేనట్టు అరిచాడు.

ఎందుకు అరిచాడో కూడా ఇప్పుడు తెలిసింది. స్పీకర్ బాక్సులన్నీ జనం వైపు తిరిగి ఉన్నాయి. స్టేజీ మీద వాడి గొంతు వాడికే వినపడదు. హార్మోనియానికీ, తబలాకీ కూడా మైకులు పెట్టి మోత పెంచారు. మోతలో ఉన్న మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. మిల్లులో వాడు రోజూ చేసేది అదే. పగలు మిల్లు, రాత్రి స్టేజీ. తారస్థాయి షడ్జం మీద ఒక్క నిమిషం నిలబడితే తంతువులు 23 వేల సార్లకి పైగా కొట్టుకుంటాయి. మెల్లగా తగిలితే ఏం కాదు. గట్టిగా గుద్దుకుంటే కాయలు కాస్తాయి. తాత కాలంలో హార్మోనియం పక్కనే ఉండేది, మైకు ఉండేది కాదు. తన గొంతు తనకి వినపడేది. ఎంత కావాలో అంతే వాడేవాడు.

ఇంకో కారణం పరువు. "అయిదు శృతిలో పాడతాడు" అంటే మా దగ్గర ఒక గొప్ప. నాలుగుకి దించితే "గొంతు పోయిందంటగా" అంటారు. వాడి గొంతు నాలుగుకి తయారైన గొంతు. ఆ ఒక్క మాటకి భయపడి అయిదు పట్టుకున్నాడు.

పాడే అలవాటున్నవాళ్లు, యాంకరింగ్ చేసేవాళ్లు, క్లాసులు చెప్పేవాళ్లు గుర్తుపెట్టుకోండి. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల పాలు ఆపి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకోవద్దు, దానివల్ల కూడా శ్రమ పడొచ్చు. స్టేజీ ఎక్కేముందు మైక్ సెట్ ఆయన్ని అడిగి ఒక చిన్న స్పీకర్ మీ వైపు తిప్పించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

మీ ఫోన్లోనే చూడండి

స్పెక్ట్రోగ్రామ్ అని వెతికితే ఉచితంగా యాప్‌లు దొరుకుతాయి. ధ్వనిలో ఏ మెట్టు ఎంత బలంగా ఉందో రంగుల్లో చూపిస్తాయి. ముందు "ఆ" అని మెత్తగా అనండి. తర్వాత అదే శృతిలో బస్టాండు పిలుపులా పదునుగా అనండి. 3,000 చుట్టుపక్కల గీతలు వెలగడం మీకే కనిపిస్తుంది. నేను తాత గొంతు పెట్టి చూశాను, ఆ పట్టీ చివరిదాకా ఆరలేదు. తమ్ముడి పాత వీడియో పెట్టి చూశాను. కింద మెట్లు బలంగా ఉన్నాయి, పైన అంతా గాలి, గరగర. ఫోన్ మైకు తనంతట తనే ధ్వనిని సర్దేస్తుంది కాబట్టి దీన్ని ల్యాబ్ రిపోర్టు అనుకోవద్దు. తేడా తెలియడానికి మాత్రం చాలు.

ఇంకోటి. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ 196 హెర్ట్జ్‌ని దాదాపు పలికించలేదు. అయినా మగ గొంతు మగ గొంతులాగే వినపడుతుంది. పై మెట్లు విని, కింద లేని మెట్టుని మన మెదడే కట్టుకుంటుంది. పాత పద్యాలు ఫోన్లో కూడా అంత గట్టిగా ఎందుకు తగులుతాయో ఇప్పుడు తెలిసిందా? వాళ్ల బలమంతా ఫోన్ పలికించగల చోటే ఉంది.

తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. వచ్చే నెల పరిషత్తు పోటీకి పేరు ఇవ్వలేదు. మిల్లులో సైగలతో, ఈలతో పని నడుపుతున్నాడు. ఐదు వారాలు అయ్యాక డాక్టరు కాస్త కాస్త పాడమన్నారు. మొన్న ఆదివారం సాయంత్రం తాత మా వీధిలోకి వచ్చాడు. వాణ్ణి అరుగు మీద నిలబెట్టి, హార్మోనియం నాలుగు శృతికి పెట్టించి, తను మాత్రం వీధి చివర కిరాణా కొట్టు దగ్గరికి నడిచి వెళ్లిపోయాడు. "అక్కడికి వినపడాలి, అరిస్తే మాత్రం ఇంటికెళ్లిపోతా" అన్నాడు.

మొదటిసారి తాత తల అడ్డంగా ఊపాడు. రెండోసారీ అంతే. మూడోసారి తమ్ముడు కళ్లు మూసుకుని, వారణాసి పద్యం మొదటి పాదం మాట్లాడినట్టే ఎత్తుకున్నాడు. పక్కన కూర్చున్న నాకు చాలా చిన్నగా అనిపించింది.

వీధి చివర తాత చెయ్యెత్తాడు.